గుల్మర్గ్ స్కీ పోటీల శిబిరం: తిరుపతి నుంచి పిల్లలను పంపే తల్లిదండ్రుల కోసం ఒక సమీక్ష

తిరుపతిలో రోలర్ స్కేటింగ్ నేర్చుకునే పిల్లల ఇళ్లకు కొంతకాలంగా దీపావళి దాటగానే ఒక కరపత్రం చేరుతోంది. కశ్మీర్‌లోని గుల్మర్గ్‌లో ఆల్పైన్ స్కీయింగ్ (మంచు వాలు మీద కిందికి జారే ఆట) శిక్షణ, దాని చివర వయసుల వారీగా స్లాలమ్, జెయింట్ స్లాలమ్ పోటీలు, వసతి, భోజనం, సామగ్రి, శిక్షకుడు అన్నీ ఒకే రుసుములో ఇస్తామన్నది దాని సారాంశం. గత సీజన్‌లో మా అమ్మాయినీ, మా అన్నగారి అబ్బాయినీ ఆ శిబిరానికి పంపాము. నేను కూడా వారి వెంట వెళ్లి, పోటీలు ముగిసేదాకా వాలు పక్కనే ఉండి చూశాను. శిక్షణ చాలా బాగుంది, పోటీ రోజున పిల్లలను చూసుకున్న తీరు మెచ్చుకోదగినదిగా ఉంది, ఇచ్చిన సామగ్రి మాత్రం పోటీకి తగినది కాదు, కరపత్రంలో రాసిన మాటల్లో ఒకటి రెండు నిజానికి దూరంగా ఉన్నాయి. ఇదే తరహా ప్యాకేజీని అమ్మేవారు పలువురు ఉన్నారు కాబట్టి ఈ నిర్వాహకుల పేరు రాయడం లేదు. ఎవరి దగ్గర చేర్చినా ఏమేమి అడగాలో తెలియడానికి ఈ సమీక్ష పనికివస్తే చాలు.

ఇలాంటి శిబిరాన్ని దేనిని బట్టి తూచాలన్నది ముందుగా చెప్పాలి. ఒలింపిక్స్ స్థాయిలో కూడా ఒక స్లాలమ్ రన్, అంటే పై నుంచి కిందికి ఒకసారి జారడం, సుమారు నిమిషంలో ముగిసిపోతుంది. పిల్లల కోర్సు ఇంకా చిన్నది. ఆ కాస్త సమయం కోసం పిల్లలు చీకటితో లేచి, బూట్లు బిగించుకుని, కోర్సు పరిశీలించి, బిబ్ (ఒంటి మీద తొడుక్కునే నంబరు బట్ట) నంబరు వచ్చేదాకా చలిలో నిలబడతారు. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో గంటల తరబడి కూర్చుని క్షణకాలం దర్శనం చేసుకుని వచ్చే మన ఊరివాళ్లకు ఈ లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు. పిల్లల మనసులో పోటీ అంటే మిగిలేది చాలావరకు ఆ నిరీక్షణ, దానికి ముందు జరిగిన సన్నాహం, ఫలితాల పట్టిక దగ్గర జరిగిన సంభాషణ. కాబట్టి శిబిరం నిర్వాహకులు జారడం ఎంత బాగా నేర్పారన్నదానితో పాటు, ఆ నిమిషం చుట్టూ ఉన్న గంటలను ఎలా నడిపారన్నది చూడాలి. కరపత్రాల్లో ఆ గంటల ప్రస్తావనే ఉండదు.

ఈ ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. వాలు మీద ఎరుపు, నీలం రంగుల గేట్లు ఒకదాని తర్వాత ఒకటిగా నిలబెడతారు. ప్రతి గేటునూ సరైన వైపు నుంచి దాటుతూ కిందికి రావాలి. స్లాలమ్‌లో గేట్లు దగ్గర దగ్గరగా ఉండి మలుపులు చిన్నవిగా వస్తాయి, జెయింట్ స్లాలమ్‌లో గేట్ల మధ్య దూరం పెరిగి వేగం ఎక్కువవుతుంది. రెండింటిలోనూ రెండేసి రన్‌లు, వేర్వేరు కోర్సుల మీద జరుగుతాయి. సెకనులో నూరో వంతు దాకా కొలిచిన రెండు సమయాలనూ కలిపి స్థానం నిర్ణయిస్తారు. రెండు స్కీల ముందు కొనలూ, రెండు పాదాలూ గేటు గీతను దాటాలి. ఒక్క స్కీ స్తంభానికి అవతలి వైపు వెళ్లినా ఆ రన్ లెక్కలోకి రాదు. మొదటి రన్ ఎంత వేగంగా వచ్చినా రెండో రన్‌లో ఒక గేటు తప్పితే అంతా పోయినట్టే. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల మీద ఈ నియమం ఎంత బరువుగా పడుతుందో అక్కడికి వెళ్లి చూసేదాకా నాకు తెలియదు.

శిబిరానికి ముందు తిరుపతిలోనే కొన్ని వారాల శారీరక సన్నాహం ఉంటుందని కరపత్రంలో రాశారు. ఆ మాట నిలబెట్టుకున్నారు. స్థానిక స్కేటింగ్ శిక్షకుడు తెల్లవారుజామున పిల్లలను అలిపిరి మెట్ల దారికి తీసుకువెళ్లేవారు. అక్కడ 3,550 మెట్లున్నాయి; పిల్లలతో అన్నీ ఎక్కించకుండా, కొంతదూరం ఎక్కించి, నెమ్మదిగా, మోకాళ్లు వంచి దింపేవారు. ఎక్కడం కంటే దిగడానికే ఆయన ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వడం చూసి తల్లిదండ్రులు కొందరు విసుక్కున్నారు గాని, అందులో అర్థముంది. మలుపులో శరీరం బరువును ఆపుతూ తొడ కండరాలు సాగుతూ పనిచేయడం స్కీయింగ్‌లో ప్రధానం. మెట్లు దిగేటప్పుడు జరిగేదీ అదే. ఇన్‌లైన్ స్కేట్లతో కోన్‌ల మధ్య తిప్పించిన అభ్యాసం కూడా తూకానికీ, చూపును ముందుకు నిలపడానికీ ఉపయోగపడింది. అయితే స్కేటు చక్రం పక్కకు జారదు, స్కీ జారుతుంది. వేగం తగ్గించుకోవడమంతా ఆ పక్కజారుడులోనే ఉంటుంది కాబట్టి, స్కేటింగ్ బాగా వచ్చిన పిల్లలు తమకు స్కీయింగ్ సగం వచ్చినట్టే అనుకుంటే మొదటి వాలు మీదే ఇబ్బంది పడతారు.

మా పిల్లలిద్దరూ అంతకుముందు చలికాలంలో గుల్మర్గ్‌లోని కేంద్ర పర్యాటక శాఖ సంస్థ అయిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్‌లో ప్రాథమిక కోర్సు చేసి ఉన్నారు. ఆ పునాది లేకుండా నేరుగా ఈ శిబిరానికి వచ్చిన పిల్లలు కూడా మా బృందంలో ఉన్నారు. వారిని చేర్చుకోవడం నాకు నచ్చలేదు. మంచు మీద ఆగడమే ఇంకా రాని బిడ్డ చేత శిబిరం చివరలో గేట్ల మధ్య దిగించడం ఎవరికీ మేలు చేయదు. వారి కోసం విడిగా ఒక సులభమైన కోర్సు పెట్టి కొంత సర్దుబాటు చేశారు గాని, కరపత్రంలోనే అనుభవం తప్పనిసరి అని రాసి ఉంటే సరిపోయేది.

ప్రయాణం గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. తిరుపతి నుంచి హజ్రత్ నిజాముద్దీన్ వెళ్లే ఆంధ్రప్రదేశ్ సంపర్క్ క్రాంతిలో ఢిల్లీ, అక్కడి నుంచి విమానంలో శ్రీనగర్, ఆపైన సుమారు 50 కిలోమీటర్ల రోడ్డు. తంగ్‌మర్గ్ దాటాక మంచు పేరుకున్న రోజుల్లో చక్రాలకు గొలుసులు కట్టిన వాహనాలే పైకి వెళతాయి. ఆ ఏర్పాటు ముందే చేసి ఉంచారు. గుల్మర్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది, పోటీలు జరిగిన కొంగ్‌డోరీ వాలు 3,000 మీటర్లు దాటుతుంది. కొండ కింద పెరిగిన మన పిల్లలకు ఆ ఎత్తు ఒక్కసారిగా పడదు కాబట్టి, చేరిన రోజున స్కీలు ముట్టనివ్వకుండా నడక, నీళ్లు, విశ్రాంతి అని పట్టుబట్టారు. గది వెచ్చగా ఉంది. భోజనంలో అన్నం, పప్పు రెండు పూటలా పెట్టారు. ఆవకాయ సీసా మనం తీసుకువెళ్లాల్సిందే.

ప్రధాన శిక్షకుడు గుల్మర్గ్‌కే చెందిన యువకుడు, తాను కూడా పోటీల్లో దిగినవాడు. హిందీలో మాట్లాడేవారు, మన పిల్లల హిందీ అంతంతమాత్రం కాబట్టి హైదరాబాద్ నుంచి వచ్చిన సహాయకుడు పక్కనుండి తెలుగులో చెప్పేవాడు. శిక్షకుడి దగ్గర నాకు బాగా నచ్చినది, పిల్లల ముందు పెద్ద పెద్ద కలలు పరచకపోవడం. ఇదే ప్రాంతానికి చెంది, 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు భారతదేశం తరఫున ఒక్కడే వెళ్లిన ఆరిఫ్ ఖాన్ పేరు అక్కడ ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఆయన జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచిన సంగతి చెప్పినప్పుడు, స్లాలమ్‌లో మొదటి రన్ పూర్తి చేయలేకపోయిన సంగతిని కూడా శిక్షకుడు అదే గొంతుతో చెప్పారు. ఆడపిల్లలకు మనాలీ అమ్మాయి ఆంచల్ ఠాకుర్ గురించి చెప్పారు. 2018లో టర్కీలోని ఎర్జురుమ్‌లో ఆమె స్లాలమ్‌లో గెలిచిన కాంస్యం అంతర్జాతీయ స్కీయింగ్‌లో భారత్‌కు వచ్చిన మొదటి పతకం. ఆడపిల్లను అంత చలిలోకి ఎందుకు పంపుతున్నారని మా వీధిలో అడిగినవారికి ఇప్పుడు మా అమ్మాయే ఆ పేరు చెప్పి సమాధానమిస్తోంది.

గేట్ల మధ్య శిక్షణను ఆయన ఒక క్రమంలో నడిపారు. ముందు మంచులో పొట్టి గుర్తులు గుచ్చి వాటి మధ్య తిప్పించి, తర్వాతే పూర్తి ఎత్తు స్తంభాలు పెట్టారు. స్లాలమ్ స్తంభాలు మంచు దగ్గర మడతపడి తిరిగి లేచేవి. వేగంగా వచ్చేవారు వాటిని ముంజేతితో, పిడికిలి కవచంతో పక్కకు కొట్టుకుంటూ పోతారు. పిల్లలకు అది ఆడుకోవడంలా అనిపించి, స్తంభాన్ని కొట్టడం కోసమే దాని మీదికి వాలడం మొదలుపెడతారు. మలుపు సరిగా వచ్చిన వాడికి స్తంభం దానంతట అదే చేతికి తగులుతుంది, వెతుక్కుంటూ వెళ్లిన వాడి స్కీ తప్పు వైపుకు పోతుంది అని ఆయన ప్రతిపూటా చెప్పేవారు. మా అమ్మాయి విషయంలో ఆ హెచ్చరిక పోటీ రోజున అక్షరాలా జరిగింది. దాని గురించి కింద రాస్తాను.

ఇక సామగ్రి. ఈ సమీక్షలో నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే. స్కీకి రెండు వైపులా ఉక్కు ఎడ్జ్‌లు ఉంటాయి. గట్టిపడిన మంచు మీద మలుపులో మనిషిని నిలబెట్టేవి అవే. పగలు ఎండకు మెత్తబడి, రాత్రి చలికి మళ్లీ బిగుసుకున్న వాలు ఉదయానికి గాజులా తయారవుతుంది. పోటీలు మొదలయ్యేది ఆ సమయానికే. అందుకే పోటీల్లో దిగేవారి స్కీలను ముందురోజు రాత్రి బిగింపుకు పెట్టి, పక్క అంచును సాధారణంగా 87, 88 డిగ్రీల కోణంలో ఆకురాయితో గీసి, వజ్రపు పలకతో నునుపు చేసి, ఆ తర్వాత మంచు ఉష్ణోగ్రతకు తగిన వాక్స్‌ను (స్కీ అడుగున పూసే మైనాన్ని) ఇస్త్రీతో కరిగించి పట్టించి, చల్లారాక గీకి, బ్రష్ చేస్తారు. ఫ్లోరిన్ కలిసిన వాక్స్‌ను అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 సీజన్ నుంచి నిషేధించింది కాబట్టి ఖరీదైన వాక్స్‌ల వెంట పడాల్సిన పనీ లేదు. మామూలు వాక్స్, పదునైన అంచు, ఓపిక ఉంటే పిల్లల పోటీకి సరిపోతుంది.

శిబిరంలో ఆ ఓపిక కనిపించలేదు. అందరి స్కీలకూ కలిపి ఒక్క పనివాడు, ఒక్క ఇస్త్రీ. వాక్స్ పట్టించారు గాని, ఎడ్జ్‌లు తాకి చూస్తే రాళ్ల మీద నడిచి గుండ్రబడిపోయినట్టు ఉన్నాయి. పదునైన అంచు మీద గోటిని అడ్డంగా లాగితే సన్నటి పొట్టు రావాలి. మా అన్నగారి అబ్బాయికి ఇచ్చిన జతలో గోరు హాయిగా జారిపోయింది. పైగా అవి పోటీ స్కీలే కావు, పర్యాటకులకు అద్దెకిచ్చేవి. పెద్దల అంతర్జాతీయ పోటీల్లో పురుషుల స్లాలమ్ స్కీ కనీసం 165 సెంటీమీటర్లు, జెయింట్ స్లాలమ్ స్కీ 193 సెంటీమీటర్లు, మలుపు వ్యాసార్ధం 30 మీటర్లు ఉండాలన్న నియమం చూస్తేనే రెండు విభాగాలకూ రెండు వేర్వేరు పనిముట్లు కావాలని అర్థమవుతుంది. పిల్లల కొలతలు వేరే గాని సూత్రం అదే. ఇక్కడ ఒక్కో బిడ్డకు ఒకే జత ఇచ్చి రెండు పోటీల్లోనూ దింపారు. "పోటీ సామగ్రి ఉచితం" అని కరపత్రంలో రాసినవారు అలా చేయకూడదు.

బూట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. అద్దె బూట్లలో సరైన కొలత దొరక్కపోతే ఒక సైజు పెద్దది ఇచ్చి, రెండు జతల సాక్సులు వేసుకోమనడం అక్కడ మామూలు. రెండు సాక్సుల వల్ల పాదం వేడెక్కదు, ముడతలు పడి నొప్పెడుతుంది, మడమ లోపల లేచిపోతుంది. పిల్లవాడు మలుపు కోసం మోకాలు ముందుకు వంచినా ఆ కదలిక స్కీకి చేరదు. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌లను మాత్రం శ్రద్ధగా సరిచేశారు. ప్రతి బిడ్డ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం చూసి, పడినప్పుడు బూటు విడిపోయే బిగువును పట్టిక ప్రకారం పెట్టి, స్కీ మీద టేపు అంటించి రాశారు. మోకాలు కాపాడే పని అది. దానిలో రాజీపడనందుకు వారికి మార్కులు వేయాలి. హెల్మెట్లు, వెన్ను కవచాలు, స్లాలమ్‌కు దవడ కడ్డీలు, ముంగాలి కవచాలు కూడా అందరికీ సరిపోయేవే ఇచ్చారు.

పోటీ ఉదయం కోర్సు పరిశీలన జరుగుతుంది. పిల్లలు బిబ్ తొడుక్కుని, గేట్ల పక్కగా నెమ్మదిగా జారుతూ, ఆగుతూ, కోర్సును మనసులో ఎక్కించుకోవాలి. ఆ సమయంలో గేట్ల మధ్య నుంచి నిజంగా జారి చూడటం నిషిద్ధం. అలా చేస్తే పోటీ నుంచే తప్పిస్తారు. శిబిరం మొత్తంలో నేను చూసిన అత్యుత్తమమైన బోధన ఈ గంటలోనే జరిగింది. శిక్షకుడు పిల్లలను మూడు చోట్ల ఆపారు. గేట్లు వాలు వెంట నిలువుగా వరుసకట్టిన చోట, రెండుంటే హెయిర్‌పిన్ అనీ, మూడు అంతకు మించి ఉంటే ఫ్లష్ అనీ చూపించి, అక్కడికి చేరకముందే చూపు చివరి గేటు మీద ఉండాలని చెప్పారు. వాలు ఉన్నట్టుండి నిటారుగా మారే అంచు దగ్గర ఆపి, ఆ అంచుకు అవతలి గేటు పై నుంచి కనిపించదు కాబట్టి దూరంగా ఉన్న ఏ దేవదారు చెట్టు వైపు గురి పెట్టాలో ఎవరికి వారే ఎంచుకోమన్నారు. కింద ముగింపు గీత దగ్గర అందరి చేతా కళ్లు మూయించి, అరచేతిని స్కీలా తిప్పుతూ మొదటి గేటు నుంచి చివరి గేటు దాకా గాలిలో కోర్సు గీయించారు. ఎక్కడ చెయ్యి తడబడిందో అక్కడికి తిరిగి తీసుకువెళ్లారు. మా అమ్మాయి ఇప్పుడు లెక్కల పరీక్షకు ముందు కూడా కళ్లు మూసుకుని చెయ్యి తిప్పుతోంది. దానికీ దీనికీ ఏమి సంబంధమో నాకు తెలియదు.

తర్వాత నిరీక్షణ. పోటీ దుస్తులు ఒంటికి అతుక్కుని పలుచగా ఉంటాయి. వాటి మీద పక్కల నిండా జిప్పులున్న ప్యాంటు, కోటు వేసుకుని, వంతు రావడానికి ఒకరిద్దరు ముందుండగా విప్పాలి. అలా పైన విప్పిన కోటు కిందికి ఎవరు తెస్తారన్న చిన్న విషయం మీద చాలా ఆధారపడి ఉంటుంది, ఎందుకంటే ఫినిష్ దగ్గర చెమటతో నిలబడిన పిల్లవాడికి అది వెంటనే కావాలి. ఈ శిబిరంవారు ఆ పనికే ఒక మనిషిని పెట్టారు. పేర్లు రాసిన సంచుల్లో కోట్లు వేసుకుని అతను గొండోలాకూ (కేబుల్ కారుకూ) వాలుకూ మధ్య అలుపు లేకుండా తిరిగాడు. పైన పిల్లలు కూర్చోవడానికి చాపో, గాలికి అడ్డుగా గుడారమో లేదు. వేరే బృందాలవారికి ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లు ఉన్నాయి గాని తినడానికి ఏమీ తేలేదు. మేము తీసుకువెళ్లిన వేరుశనగ ఉండలు మా బృందం మొత్తానికీ ఉపయోగపడ్డాయి.

జెయింట్ స్లాలమ్‌లో మా అన్నగారి అబ్బాయికి వెనుక నంబరు పడింది. ముందు దిగినవారి స్కీలు ప్రతి గేటు దగ్గరా మంచును గాడిలా తవ్వుతాయి. వెనుక వచ్చేవారు ఆ గాడిలోనే తిరగాలి, అడుగున మంచు మరింత నున్నగా ఉంటుంది. అతను మొదటి భాగం చక్కగా వచ్చి, నిటారు వాలు మొదలయ్యాక రెండో మలుపులో లోపలి తుంటి మీద పడి వలదాకా జారిపోయాడు. దెబ్బేమీ తగలలేదు. "అత్తా, వంగాల్సిందంతా వంగినాను, కాళ్ల కింద స్కీ మాత్రం పట్టుకోలేదు" అన్నాడు. అబ్బాయి సాకు చెబుతున్నాడని సహాయకుడు అనుకున్నాడు గాని, శిక్షకుడు స్కీ తీసి అంచు తడిమి, తప్పు బిడ్డది కాదని అందరి ముందూ చెప్పారు. ఆ నిజాయతీ నాకు నచ్చింది. అయితే ముందురోజు రాత్రే తడిమి ఉండాల్సిన అంచు అది.

స్లాలమ్‌లో మా అమ్మాయి సంగతి వేరు. ఆమె ఎక్కడా పడకుండా, ఆగకుండా ఫినిష్ దాటి, చేతులు పైకెత్తి మా దగ్గరికి వచ్చింది. కాసేపటికి అంటించిన అనధికార ఫలితాల్లో ఆమె పేరు అనర్హుల వరుసలో ఉంది. "కింద దాకా వచ్చినాను కదమ్మా, మరి నా పేరు అక్కడెందుకుంది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. శిక్షకుడు ఆమెను పట్టిక దగ్గరికి తీసుకువెళ్లి, పేరు పక్కన రాసిన గేటు సంఖ్యను చూపించి, దానికి అభ్యంతరం చెప్పాలంటే 15 నిమిషాల గడువు ఉంటుందని వివరించి, సహాయకుడు తీసిన వీడియోను ఆ గేటు దగ్గర ఆపారు. లోపలి స్కీ కొన స్తంభానికి అవతలి నుంచి వెళ్లింది. స్తంభం వెంటనే మడతపడిపోవడంతో ఆమెకు తెలియనే లేదు. అభ్యంతరం పెడదామా అని ఆమెనే అడిగారు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత ఆయన ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. 18 ఏళ్లకే 2014లో సోచీ ఒలింపిక్స్ స్లాలమ్ స్వర్ణం గెలిచిన అమెరికా క్రీడాకారిణి మికేలా షిఫ్రిన్, 2022 బీజింగ్‌లో జెయింట్ స్లాలమ్, స్లాలమ్, కంబైన్డ్ మూడింటినీ పూర్తి చేయలేకపోయిన సంగతి మాత్రం చెప్పి, గేటు దగ్గర చేతి స్థానం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. పిల్లల పోటీల్లో ఏడుపు ఎక్కువగా వినిపించేది ఫలితాల పట్టిక దగ్గరే. అక్కడ కొందరు తల్లిదండ్రులు బిడ్డల మీద కేకలు వేయడం కూడా చూశాను. ఈ ఒక్క సన్నివేశంలో శిక్షకుడు నడుచుకున్న తీరు కోసమే ఈ శిబిరాన్ని సిఫారసు చేయవచ్చు.

జెయింట్ స్లాలమ్‌లో ఆమె రెండు రన్‌లూ పూర్తి చేసింది. రెండో రన్‌లో దిగే వరుస తిరగబడుతుంది: మొదటి రన్‌లో తొలి 30 స్థానాలు పొందినవారిలో 30వ వారు ముందు, మొదటివారు ఆఖరున వస్తారు, జ్యూరీ ఆ సంఖ్యను 15కు తగ్గించవచ్చు. వెనుకబడ్డ బిడ్డకు తాజా మంచు దొరికే ఈ ఏర్పాటును పిల్లలు వెంటనే ఇష్టపడతారు. మా అమ్మాయి తన వయసు బృందంలో మధ్య వరుసలో నిలిచింది. ఆమెకు స్థానం కంటే, మొదటి అమ్మాయికీ తనకూ మధ్య తేడా రెండో రన్‌లో తగ్గిందన్న విషయం ఎక్కువ సంతోషాన్నిచ్చింది. ఆ తేడాలను ఎలా చదవాలో కూడా వారు కూర్చోబెట్టి నేర్పారు.

ఇంత బాగా నడిచిన తర్వాత, సాయంత్రం బహుమతి కార్యక్రమంలో శిబిరంవారు విడిగా తమ బృందంలోని ప్రతి బిడ్డకూ పతకం వేయడం నాకు మింగుడుపడలేదు. పొద్దున నిజాన్ని అంత శుభ్రంగా చెప్పించుకున్న పిల్లలు ఆ పతకాలను చూసి ఒకరినొకరు చూసుకున్నారు. దానికి తోడు ధ్రువపత్రం మీద "జాతీయ స్థాయి" అని ముద్రించారు. కరపత్రం పంచినప్పుడు స్పోర్ట్స్ కోటాలో పనికిరావచ్చునన్న మాటను నోటితో వదిలారు కూడా. మా పిల్లలు దిగినది వయసుల వారీ స్థానిక పోటీ. జాతీయ సమాఖ్య అయిన స్కీ అండ్ స్నోబోర్డ్ ఇండియా నిర్వహించే పోటీలు వేరు, ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ వేరు, అంతర్జాతీయ సమాఖ్య క్యాలెండర్‌లో ఉండి పాయింట్లు ఇచ్చే పోటీలు వేరు. ఆ పాయింట్లు ఎంత తక్కువైతే అంత మంచివన్నది కూడా తల్లిదండ్రులు తెలుసుకోవాలి. పాయింట్లు చాలా వచ్చాయని ఎవరైనా గొప్పగా చెబితే అనుమానించాలి. ధ్రువపత్రం ఏ సంస్థ పేరు మీద ఇస్తారో, ఆ సంస్థకు గుర్తింపు ఎవరిచ్చారో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా అడగాలి.

రుసుము విషయానికి వస్తే, తిరుపతిలో ఇంటర్ పిల్లవాడికి కార్పొరేట్ కళాశాలలో హాస్టల్‌తో కలిపి కట్టే ఏడాది ఫీజులో సగానికి దగ్గరగా ఒక్కో బిడ్డకు అయింది. అందులో గొండోలా టికెట్లు, పోటీ ప్రవేశ రుసుము, బీమా కలిసి లేవని అక్కడికి వెళ్లాక తెలిసింది. బీమా పాలసీని శ్రద్ధగా చదవాలి. స్కీయింగ్‌కు వర్తించే పాలసీలు కూడా పోటీలను మినహాయించడం ఉంటుంది. మంచు కురవకపోతే ఏమిటన్న నిబంధన ఒప్పందంలో లేనే లేదు. 2024 జనవరిలో గుల్మర్గ్ వాలులు గోధుమరంగులో బోసిగా ఉన్న ఫొటోలు దేశమంతా చూసింది. 2025లో ఖేలో ఇండియా పోటీలే మంచు చాలక ఫిబ్రవరి నుంచి మార్చికి వాయిదా పడ్డాయి. అలాంటి సీజన్‌లో ఎంత డబ్బు తిరిగి ఇస్తారో, తేదీలు మారితే రైలు, విమాన టికెట్ల నష్టం ఎవరిదో స్పష్టంగా రాయించుకోకుండా చేరకండి.

తిరిగి వచ్చాక స్కీల గురించీ, ధ్రువపత్రం గురించీ నిర్వాహకులకు లేఖ రాశాము. సామగ్రి కింద వసూలు చేసిన భాగంలో కొంత అబ్బాయికి తిరిగి ఇచ్చారు, రాబోయే సీజన్‌లో పోటీలకు విడిగా స్కీలు తెప్పిస్తామన్నారు. ధ్రువపత్రం గురించి ఏమీ చెప్పలేదు.

మంచు మీద ముందే కొంత అనుభవం ఉండి, పోటీ అంటే ఏమిటో తెలుసుకోవాలనుకునే 12 నుంచి 15 ఏళ్ల పిల్లలకు ఈ శిబిరం తగినదని నా అభిప్రాయం; మొదటిసారి స్కీ తొడిగేవారికి కాదు, సర్టిఫికెట్ కోసం చూసేవారికి అసలే కాదు. మా అన్నగారి అబ్బాయి ఈ ఏడు పదో తరగతి కాబట్టి రావడం లేదు. అమ్మాయిని మళ్లీ పంపుతున్నాము. ఈసారి ఢిల్లీలో ఆగి పాదం కొలిపించి బూట్లు సొంతంగా కొంటున్నాము, ఒక ఆకురాయి, వజ్రపు పలక, కోణం పట్టే గైడు కూడా తెప్పించాము. స్కీలు మాత్రం అద్దెవే, ఏ జత ఇస్తారో పోటీకి రెండు రోజుల ముందే చేతికివ్వాలని షరతు పెట్టి మరీ బయానా కట్టాము.